ఓడ నీళ్ళకి గులాబీ వాసన

"ఎవరండీ ఇక్కడ నీళ్ళ ఆఫీసరు?"

రేవు గట్టు మీద ఆ అమ్మాయి పెట్టిన కేకకి తాళ్ళు చుడుతున్న కూలీలు పని ఆపి మరీ చూశారు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, ఆ బూట్ల నిండా తెల్లటి నురగ. జడ సగం ఊడి భుజం మీద వేలాడుతోంది. చేతిలో ఒక గాజుసీసా, అందులో చల్లారిపోయిన టీ రంగు నీళ్ళు.

ఎదురుగా ఓడ. ఓడంటే అల్లాటప్పా ఓడ కాదు. ఊళ్ళోంచి ఒక వీధిని పెకలించి తెచ్చి నీళ్ళలో నిలువునా నిలబెట్టినట్టుంది. పై అంతస్తుల్లో విహారానికొచ్చిన జనం ఈతకొలనులో జలకాలాడుతున్నారు. కింద, జనం కంటపడని చోట, ఓడ డొక్కలోంచి లావుపాటి గొట్టం బయటికొచ్చి, రేవు నేలలో ఉన్న మురుగు పైపులో తల దూర్చి గుడగుడమంటోంది.

గొట్టం పక్కనున్న కుర్రాడు చెయ్యెత్తాడు. తెల్లచొక్కా, భుజాల మీద బంగారు చారలు, ఎక్కడా ఇస్త్రీ నలగలేదు.

"నేనేనండీ. ఓడలో ఎన్విరాన్మెంట్ ఆఫీసర్ని. మీరు?"

"మీరు పంపినదాన్ని మింగలేక కక్కుకుంటున్న ఊరి మురుగు ప్లాంటు తాలూకు మనిషిని."

"అయ్యో, ఏమైందండీ?"

"ఏమైందా? నా బూట్లు చూస్తే తెలీడం లేదూ? ట్యాంకు పొంగి నురగ రోడ్డెక్కింది. వాల్వు ఎంత తిప్పారు?"

"మొత్తం తిప్పేశానండీ. సాయంత్రానికి ఓడ బయల్దేరకపోతే కెప్టెన్ నా తోలు తీస్తాడు."

"మొత్తమా! పావు తిప్పు తిప్పమని మా నాన్న ఫోన్లో చిలక్కి చెప్పినట్టు చెప్పలేదూ? గుక్కగుక్కగా పట్టాలండీ. పసిపిల్లకి పాలు పడుతూ సీసా మొత్తం ఒకేసారి గొంతులో గుమ్మరిస్తారా?"

"నాకింకా పెళ్ళి కాలేదండీ. ఆ అనుభవం లేదు."

కూలీలు కిసుక్కుమన్నారు. ఆ అమ్మాయి చూసిన చూపుకి మళ్ళీ తాళ్ళు చుట్టుకోవడం మొదలుపెట్టారు. కుర్రాడు కిక్కురుమనకుండా వంగి వాల్వు పావుకి తగ్గించాడు. గొట్టం గుడగుడ మానేసి, దగ్గు తగ్గిన ముసలాయనలా మెల్లగా గురకపెట్టింది.

"ఎక్కండి," అంది ఆమె, స్కూటరు స్టార్ట్ చేసి.

"ఎక్కడికండీ?"

"మీ ఘనకార్యం మీ కళ్ళతో చూద్దురుగాని."

వాల్వు దగ్గర ఓడ మనిషినొకణ్ణి నిలబెట్టి ఎక్కాడు. స్కూటరు వెనక సీటు నిండా కూడా నురగే. మారు మాట్లాడకుండా దాని మీదే కూర్చున్నాడు. తెల్లప్యాంటు పని అయిపోయింది. అద్దంలోంచి అది చూసి ఆమెకి నవ్వొచ్చింది గానీ, కోపంగా ఉన్నప్పుడు నవ్వితే పరువు పోతుందని పెదవి కొరుక్కుంది.

*

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆ రేవుకి విహారపు ఓడలు ఎప్పట్నుంచో వస్తున్నాయి. జనాన్ని దించుతాయి, ఎక్కించుకుంటాయి, పోతాయి. ఇన్ని వేలమంది స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు, చెప్పుకోకూడని నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో ఊళ్ళో ఎవరూ అడగలేదు. పెద్ద ఓడలోనూ చిన్న శుద్ధి ప్లాంటు ఉంటుంది. కానీ ఓడ నిండా జనముంటే దానికి ఆనదు. మిగిలినదంతా ట్యాంకుల్లో దాచి, నడిసముద్రంలోకి వెళ్ళాక వదిలేసేవారు.

అడిగినవాడు ఒక్కడే. ఊరి మురుగునీటి ప్లాంటు సూపర్వైజరు, ఈ అమ్మాయి తండ్రి. నీళ్ళ బోర్డు మీటింగులో లేచి, "సముద్రం నెత్తిన పోసే బదులు మా గొంతులో పొయ్యండి. మా ప్లాంటు అరిగించుకుంటుంది. పూచీ నాది," అన్నాడు. బోర్డువాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, ఈ సీజనుకి చూద్దామన్నారు. సీజను చివర్లో వచ్చి చూస్తారు. ప్లాంటు నుంచి బయటికెళ్ళే నీళ్ళు తేటగా ఉంటే ఒప్పందం ఖాయం, లేకపోతే రద్దు. రద్దయితే ఈ ఓడ ఇంకో రేవు చూసుకుంటుంది. ఇదీ సంగతి.

ఆ సూపర్వైజరే ఇప్పుడు ప్యాంటు మడిచి, పైపుతో నీళ్ళు చిమ్ముతూ నురగని అణుస్తున్నాడు.

"నాన్నా, ఇదిగో తెల్లచొక్కా. ఈయనే."

ఆయన కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు. "వెనక అంతా తడిసిపోయింది బాబూ. అమ్మడు ఎక్కించుకొచ్చిందా?"

"తప్పు నాదేనండీ. ఇంకెప్పుడూ పావు దాటదు."

"ఆ మాట నాకు కాదు," అంది ఆమె, "వాళ్ళకి చెప్పండి."

"ఎవరికి?"

ల్యాబులోకి లాక్కెళ్ళి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఒంటికన్ను మూసి చూశాడు. గోధుమరంగు మడ్డిలో సన్నటి కాడల మీద గంటల్లాంటి జీవులు గుంపులు గుంపులుగా ఊగుతున్నాయి. ఒకటి ఉన్నట్టుండి స్ప్రింగులా ముడుచుకుంది, మళ్ళీ సాగింది.

"వీళ్ళే మా స్టాఫు," అంది ఆమె. గొంతు ఎందుకో మెత్తబడింది. "మురుగంతా తినేది వీళ్ళూ, వీళ్ళకంటే చిన్నవాళ్ళూ. నేనూ నాన్నా గాలి ఊదుతాం, అంతే. జీతం అడగరు, సెలవు పెట్టరు. మీలాంటివాళ్ళు ఒక్కసారిగా మీద పోస్తే మాత్రం కొట్టుకుపోతారు."

"అదిగో, ఒకటి నన్ను చూసి ముడుచుకుంది."

"సిగ్గు కాదులెండి. భయం."

అతను తలెత్తాడు. ఆమె అప్పటికే అతని పక్కగా వంగి ఉంది. జడలో ఇంకా కాస్త నురగ. చెప్పాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించి, చెప్పలేదు. చెబితే తుడిచేసుకుంటుంది కదా.

*

ఓడ వారం వారం వచ్చేది. పావు తిప్పు తప్పలేదు. గొట్టం కట్టగానే అతని ఫోన్లోంచి మెసేజి వచ్చేది: "మీ స్టాఫుకి టిఫిను పంపుతున్నాను." ఆమె జవాబు: "ఇవాళ జిడ్డెక్కువుంది. మీ వంటవాళ్ళకి చెప్పండి, గిన్నెలు తుడిచి కడగమని." మరుసటి వారం నిజంగానే జిడ్డు తగ్గింది. ఓడ వంటింట్లో అతను ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నాడో ఆమెకి తెలీదు. నీళ్ళు మాత్రం సీసాలో పట్టి చూస్తే తేటపడ్డాయి. ఆ సీసాని ఆమె పారబొయ్యకుండా కిటికీలో పెట్టుకుంది. పువ్వులిచ్చేవాళ్ళని చూశాం గానీ, ఇలా కూడా ఉంటారు.

ఇంకో పద్ధతుంది ఆ పనిలో. వానొస్తే గొట్టం కట్టకూడదు. వాననీళ్ళతో ఊరి కాలవలు నిండుగా పారతాయి, ప్లాంటుకి ఊపిరాడదు. ఓడ తన నీళ్ళు తన దగ్గరే దాచుకోవాలి. అంటే వాన పడ్డ రోజు ఓడలో నీళ్ళ ఆఫీసరుకి పని లేదు.

అందుకని ఆ కుర్రాడు ఓడ రేవుకి వచ్చే రోజు పొద్దున్నే లేచి మబ్బుల కోసం చూసేవాడు.

ఒక వారం నిజంగానే వాన దంచింది. గొడుగేసుకుని ప్లాంటుకొచ్చాడు. ఇద్దరూ పంపుల షెడ్డు కింద నిలబడ్డారు. రేకుల మీద చినుకులు చేస్తున్న గోలకి ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడాలంటే దగ్గరగా జరగాలి. జరిగారు.

"వానంటే నాకు చిరాకండీ," అన్నాడు.

"మరి మొహం వెలిగిపోతోందేం?"

నీళ్ళు నమిలాడు. "అది... మీ స్టాఫుకి ఇవాళ సెలవు కదా అని."

"అబద్ధం చెప్పేటప్పుడు మీ చెవులు ఎర్రబడతాయి. ఎవరూ చెప్పలేదా?"

చెవులు ఇంకాస్త ఎర్రబడ్డాయి. ఆమె వాన వైపు తిరిగి నవ్వుకుంది.

"మీ ఇల్లెక్కడ?" మాట మార్చాడు.

"అదిగో, గోడ అవతల మేడ. ప్లాంటు పక్కనే. మీ ఓడ వచ్చిందంటే మా నాయనమ్మ కిటికీలన్నీ ధనాధనా వేసేస్తుంది. 'వచ్చిందే మాయదారి ఓడ, కంపు మోసుకుని' అంటూ ఆ ఓడ ఏడు తరాలనీ తిడుతుంది."

"నన్నా?"

"మిమ్మల్ని ప్రత్యేకంగా. 'చొక్కా మాత్రం తెల్లగా వేసుకుంటాడు, పంపేది ఇదీ' అని."

ఊరికే, ఆటపట్టించడానికి అంది. అతను కూడా నవ్వాడు. కానీ ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. ప్రేమలో పడ్డ కుర్రాడికి పిల్ల నాయనమ్మ దగ్గర చెడ్డపేరంటే మామూలు విషయమా? ఓడెక్కి వెళుతూ కూడా ఆ మేడ కిటికీల వైపే చూశాడు. అన్నీ మూసే ఉన్నాయి.

*

పై వారం ఎండ. వాన వారం దించకుండా దాచిన నీళ్ళు, ఈ వారంవి, రెండూ కలిసి ఓడ ట్యాంకులో పులిసి ఉన్నాయి. ఊళ్ళో వరసగా సెలవులు. సగం జనం ఊళ్ళకి పోయారు. ప్లాంటుకి వచ్చే ఊరి మురుగు బాగా తగ్గింది.

ఓడ వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున్న నాయనమ్మ లేచి, ముక్కెగరేసి, కిటికీ తలుపు కొంచెం తీసింది. ఇంకొంచెం తీసింది. ఆ తర్వాత ఇంట్లో ఉన్న కిటికీలన్నీ బార్లా తీసేసింది.

"ఒరేయ్! ఇన్నాళ్ళకి మీ ప్లాంటుకి పట్టిన దరిద్రం వదిలిందిరా. గులాబీలు! గులాబీ తోటలో కూర్చున్నట్టుంది!"

వీధి వీధంతా అదే మాట. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, "ఏం మందు కలిపారండీ, మా స్నానాలగదికి కూడా కాస్త ఇవ్వండి" అంది.

ఈ సంబరం మధ్యలో ఇద్దరే ఇద్దరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ప్లాంటుకి ప్లాంటు వాసన రావాలి అమ్మడూ," అన్నాడు తండ్రి, కాళ్ళకి చెప్పులైనా వేసుకోకుండా పరిగెడుతూ.

ట్యాంకులో నీళ్ళు బూడిదరంగులోకి తిరిగాయి. కింద కూర్చోవాల్సిన మడ్డి తునకలై పైకి తేలుతోంది. మైక్రోస్కోపులో ఒక్క గంటా ఊగడం లేదు. కాడలున్నాయి, తలలు రాలిపోయాయి. అంతా నిశ్శబ్దం. అన్నంగిన్నె మాడిస్తేనే ఏడ్చే పిల్ల, ఇప్పుడు ఏడుపు కూడా రాలేదు.

అప్పుడే ఫోను మోగింది. ఓడ ఎక్కడో సముద్రం మీద ఉంది. అతని గొంతులో పండగ.

"ఎలా ఉందండీ వాసన? మీ నాయనమ్మగారు కిటికీలు తీశారా?"

ఆమెకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చుండిపోయింది.

"మీరా?"

"సర్‌ప్రైజ్! మా హౌస్‌కీపింగ్ వాళ్ళ దగ్గర డబ్బాలకి డబ్బాలు పడున్నాయి. గదుల్లో చల్లే గులాబీ మందు. ట్యాంకులో అన్నీ పోసేశాను. మన ఓడ... అంటే మా ఓడ కంపు మోసుకొస్తుందన్న పేరు ఇంక ఉండకూడదని."

"ఆ డబ్బా వెనక ఏం రాసుందో చదివారా?"

"ముందు పక్క గులాబీ బొమ్మ ఉంది..."

"వెనక! వెనక చదివారా అని!"

అతను పరిగెత్తి వెళ్ళిన చప్పుడు, డబ్బా తిప్పిన చప్పుడు ఫోన్లో వినిపించాయి. 'సువాసనతో పాటు క్రిములని సమూలంగా నాశనం చేస్తుంది' అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

"నీ ఓడలో ప్లాంటులో పొయ్యలేదుగా అది?" అంది ఆమె.

"లేదు... దాంట్లో మందులు పొయ్యకూడదు... అది మాకు రూలు..."

"నీ పురుగులకి రూలు. నా పురుగులకి గులాబీలు. ఇంత పెద్ద ఊరి ట్యాంకులో ఈ కాస్త ఏం చేస్తుందిలే అనుకున్నావు. అవునా?"

అతను సరిగ్గా అదే అనుకున్నాడు.

"అన్నీ పోయాయి. పై వారం చివర్లో బోర్డువాళ్ళు వస్తున్నారు. మా నాన్న పూచీ పడ్డాడు, తెలుసా నీకు? ఊరందరి ముందూ లేచి నిలబడి పూచీ పడ్డాడు. ఇంక నాకు ఫోన్ చెయ్యకు."

పెట్టేసింది.

అతను ఫోను పట్టుకుని డెక్కు మీద అలాగే నిలబడ్డాడు. ఇన్ని వారాల్లో మొదటిసారి ఆమె 'నువ్వు' అంది. ఆ మాట కోసం ఎన్ని రోజులుగా ఎదురుచూశాడో. ఇలా వస్తుందనుకోలేదు.

*

ప్లాంటులో తండ్రీకూతుళ్ళు చెయ్యని ప్రయత్నం లేదు. విషం కలిసిన నీళ్ళని పక్క ట్యాంకులోకి మళ్ళించారు. బ్లోయర్లు ఆపకుండా గాలి ఊదించారు. మిగిలిన నాలుగు ప్రాణాలైనా తేరుకుంటాయని బెల్లప్పాకం కలిపి పోశారు. పక్క ఊరి ప్లాంటుకి ఫోన్ చేసి బతికున్న మడ్డి కాస్త పంపమంటే, "మా దానికే ఒంట్లో బాగా లేదు" అన్నారు. ఈ పురుగులు కొట్లో కొనుక్కునేవి కావు. ఎక్కడో ఒకచోట బతికున్న గుంపులోంచి తోడు తెచ్చుకోవాలి, పాలు తోడుపెట్టినట్టు.

"నాన్నా, బోర్డువాళ్ళకి ముందే చెప్పేద్దామా?"

"చెబుదాం. వాళ్ళు వచ్చినప్పుడు ఏముంటే అదే చూపిద్దాం," అన్నాడాయన. కూతురి మొహం చూసి, "ఆ కుర్రాడు ఫోన్ చేశాడా?" అని మెల్లగా అడిగాడు.

"చెయ్యొద్దన్నాను."

"నాకు చేశాడు."

"నీకా? ఏమన్నాడు?"

"తప్పు నాదేనన్నాడు. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. ఓడ ఎప్పుడొస్తుందో చెప్పి, ఆ రోజు గేటు తీసి ఉంచమన్నాడు."

"గేటెందుకు తీస్తాం? మళ్ళీ ఏ మల్లెపూల మందు తెస్తాడో!"

తండ్రి గడ్డం గోక్కున్నాడు. గేటు మాత్రం తీసే ఉంచాడు.

ఓడ వచ్చిన రోజు గేట్లోంచి ఒక లారీ లోపలికొచ్చింది. వెనక నిండా నీలం డ్రమ్ములు. డ్రమ్ముల మధ్యలో నిలబడి, చేతిలో పొడుగాటి కర్రతో ఒకదాని తర్వాత ఒకటి కలుపుతున్నాడు ఒక మనిషి. లారీ గతుక్కుమన్నప్పుడల్లా డ్రమ్ములోంచి గోధుమరంగు మడ్డి ఎగిరి మీద పడుతోంది. మొహం మీద, జుట్టు మీద, భుజాల మీది బంగారు చారల మీద. చొక్కా ఏ రంగో దేవుడిక్కూడా తెలీదు.

"కలపడం ఆపితే గాలాడక చచ్చిపోతాయండీ!" అని లారీ మీంచే అరిచాడు. "రేవు నుంచి ఇక్కడిదాకా ఆపలేదు!"

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏంటవి?"

"మా వాళ్ళు. ఓడ ప్లాంటులోవి. బతికున్నారు. సగానికి సగం తెచ్చేశాను."

"సగమా? మరి నీ ఓడ?"

"కొన్నాళ్ళు అర్ధాకలితో నడుస్తుంది. చీఫ్ ఇంజనీరుకి నిజం చెప్పాను. ఏం పోశానో, ఎందుకు పోశానో."

"ఎందుకు పోశావో కూడా?"

"అది చెప్పకపోతే ఇవ్వనన్నాడు. చెప్పాక ఆయన తిట్టిన తిట్లు ఇంజను హోరులో కూడా నాకు స్పష్టంగా వినిపించాయి. ఉద్యోగం సంగతి ఈ ట్రిప్పు అయ్యాక తేలుస్తానన్నాడు. కానీ డ్రమ్ములు నింపడానికి మనుషుల్ని తనే ఇచ్చాడు."

ఆమె డ్రమ్ములోంచి ఒక చుక్క గాజుపలక మీద తీసుకుని ల్యాబులోకి వెళ్ళింది. అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపలికి అడుగు పెట్టే ధైర్యం లేక.

మైక్రోస్కోపు మీదికి వంగింది. చాలాసేపు వంగే ఉంది.

గంటలు! కాడల మీద గుత్తులు గుత్తులుగా, జాతరకి బయల్దేరిన గుంపులా ఊగుతున్నాయి. వాటి మధ్యలోంచి ఒక బొద్దు జీవి చక్రాలు తిప్పుకుంటూ దర్జాగా వెళ్ళిపోయింది.

"ఇంత లావుగా ఉన్నాయేంటి?" తల ఎత్తకుండానే అడిగింది.

"ఓడ తిండి కదండీ," అన్నాడు గుమ్మంలోంచి. "పూటపూటా బఫే."

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని అతను ఒక అడుగు లోపలికి వేశాడు. తిరిగింది. కళ్ళు తడిగానే ఉన్నాయి గానీ నవ్వుతోంది.

"ఇలా రా. చూడు," అంది.

ఈసారి 'నువ్వు'లో కోపం లేదు. ఒకే మైక్రోస్కోపు మీదికి రెండు తలలు వంగాయి. అతని జుట్టులోని మడ్డి ఆమె జడకి అంటుకుంది. ఎవరూ తుడుచుకోలేదు.

"బాబూ!" అని బయటినుంచి తండ్రి కేక. "ఆ చూపులు తర్వాత చూద్దురుగాని! బూట్లేసుకుని వచ్చి గొట్టం పట్టుకో! డ్రమ్ముల్లో వాళ్ళకి ఊపిరాడటం లేదు!"

ముగ్గురూ కలిసి డ్రమ్ములన్నీ ట్యాంకులో దింపారు, గుక్కగుక్కగా. చివరి డ్రమ్ము ఖాళీ అయ్యాక తండ్రి అతని మొహం చూసి తన తువ్వాలు తీసి ఇచ్చాడు. ఆయన తువ్వాలు ఎవరికీ ఇవ్వడు. కూతురికి ఆ సంగతి తెలుసు. అతనికి తెలీదు. తుడుచుకుని, మడిచి, జాగ్రత్తగా తిరిగిచ్చాడు.

*

బోర్డువాళ్ళు వచ్చే రోజుకి ట్యాంకు రంగు మారింది. బూడిద పోయి, మళ్ళీ మంచి మట్టి రంగు. మడ్డి బుద్ధిగా కింద కూర్చుంది. బయటికెళ్ళే నీళ్ళలో ట్యాంకు అడుగు కనపడింది. బోర్డు పెద్దమనిషి గాజుసీసా ఎత్తి ఎండలో పెట్టి చూసి తల పంకించాడు.

"మధ్యలో ఏదో గులాబీ వాసన అని విన్నాం?"

కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన దాచలేదు. ఓడ నుంచి మందు రావడం, పురుగులు పోవడం, ఆ ఓడ నుంచే కొత్త పురుగులు రావడం, అన్నీ వరసగా చెప్పేశాడు. చెప్పి, "ప్లాంటు తప్పు కాదు, ఓడ తప్పు కూడా కాదు. రేవులో గొట్టం దగ్గర రెండు పక్కల సంగతీ తెలిసిన మనిషి లేకపోవడం తప్పు. అక్కడొక మనిషిని పెట్టండి. ఏ ఓడ వచ్చినా ముందు నీళ్ళు చూసి, ఆ తర్వాత వాల్వు తిప్పే మనిషిని," అన్నాడు.

"ఎవరున్నారు అలాంటివాళ్ళు?"

"ఒకడున్నాడు," అన్నాడు సూపర్వైజరు, కూతురి వైపు చూడకుండా. "ఓడ లోపలా తెలుసు. మా ప్లాంటూ తెలుసు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాడు కాబట్టి డబ్బా వెనక కూడా చదువుతాడు."

కూతురి చెవులు ఎర్రబడ్డాయి. ఆ జబ్బు అంటుకున్నట్టుంది.

బోర్డువాళ్ళు ఒప్పందానికీ, ఆ మనిషికీ సరేనన్నారు. ఇంటికొచ్చి ఆయన పెళ్ళి మాటెత్తగానే నాయనమ్మ అడ్డం తిరిగింది. "అదేంట్రా, నీళ్ళ మీద బతికేవాడికి పిల్లనిస్తావా? ఇవాళ ఈ రేవు, రేపు ఆ రేవు!"

"ఇంక నీళ్ళ మీద కాదమ్మా. ఒడ్డునే."

"అయినా ఆ కంపు మనిషి..."

"కంపు కాదమ్మా, నువ్వు మెచ్చుకున్న గులాబీలు అతనివే. నీ కోసమే పోశాడట. నువ్వు కిటికీలు వేసేస్తున్నావని."

నాయనమ్మ కిటికీ వైపు చూసింది. ఆవిడ కోసం ఎవరైనా ఏదైనా పోసి ఎంత కాలమైందో. కొంచెంసేపు కొంగు సర్దుకుని, "నా కోసమా?" అంది. "వెర్రివెధవ! అడిగుంటే నేనే వద్దనేదాన్ని కదా. మనిషన్నాక కాస్త వాసన ఉంటుంది!"

*

ఓడ ఉద్యోగం గడువు ముగియడానికి కొన్నాళ్ళు పట్టింది. చీఫ్ ఇంజనీరు తిట్టినన్ని తిట్లూ తిట్టి, చివరికి మంచి సర్టిఫికెట్టే రాసిచ్చాడు. అతను దిగే రోజు పొద్దున్నుంచీ వాన. గొట్టాలు కట్టే పని లేదు. రేవు ఖాళీగా ఉంది. ఓడ మెట్ల మీంచి చేతిలో పెట్టెతో, ఇస్త్రీ మడత నలగని కొత్త తెల్లచొక్కాతో అతను దిగాడు.

గట్టు మీద రబ్బరు బూట్లతో ఒక అమ్మాయి గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరండీ ఇక్కడ నీళ్ళ ఆఫీసరు?"

"నేనేనండీ." చెయ్యెత్తాడు. "ఇవాళ్టి నుంచీ ఒడ్డు మీద."

"వాల్వు ఎంత తిప్పుతారు?"

"పావు."

"తొందరొస్తే?"

"పావే. కెప్టెన్ తోలు తీసినా, మీరు గొడుగు లాక్కున్నా పావే."

"మరి ప్రేమ?" అంది ఆమె. గొడుగు చాటున మొహం దాచుకుంది గానీ చెవులు దాగలేదు.

అతను పెట్టె కింద పెట్టాడు. "అది మాత్రం మొదటి రోజే మొత్తం తిప్పేశానండీ. మీ జడలో నురగ చూసినప్పుడే. పొంగి రోడ్డెక్కింది, మీరే చూడలేదు."

"నురగా? నా జడలోనా? అప్పుడే ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"చెబితే తుడిచేసుకునేదానివి కదా!"

ఇద్దరూ స్కూటరెక్కారు. సీటు నిండా వాననీళ్ళు. మారు మాట్లాడకుండా వాటి మీదే కూర్చున్నాడు. ప్లాంటు గోడ తిరగ్గానే వీధి కనపడింది. జల్లు కొడుతోందని వీధిలో అన్ని కిటికీలూ బిగించి ఉన్నాయి. ఒక్క మేడ మీద మాత్రం కిటికీ బార్లా తీసి ఉంది. జల్లంతా ఇంట్లో పడుతున్నా లెక్కచెయ్యకుండా, సగం బయటికి వంగి నాయనమ్మ అరుస్తోంది.

"ఏమే! ఆ పిల్లాణ్ణి అలా ముద్దగా తడిపి తీసుకొస్తావా? పద పద, తువ్వాలు తీసి పెట్టాను!"